పదికి తొమ్మిది

ఆ అపార్టుమెంటులో అందరూ ఆయన్ని మార్కుల మాస్టారు అంటారు. అలాగని ఆయన ఏ బడిలోనూ పాఠాలు చెప్పలేదు. ఆయన మార్కులు వేసేది కార్లకు. కంపెనీలు కొత్త కారును ఓ వారం ఆయన చేతికిస్తాయి. ఆయన నడిపి చూసి, మంచి ఒక పక్కనా లోపాలు ఒక పక్కనా రాసి, ఒక్కో అంశానికీ పదికి ఇన్నని వేసి తన వెబ్‌సైటులో పెడతాడు. ఆయన మాట నమ్మి కార్లు కొన్నవాళ్లూ, కొనబోయి మానుకున్నవాళ్లూ లెక్కలేనంత మంది ఉన్నారు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు, కాస్త ఎక్కువే తెలుసు.

ఈసారి వచ్చింది మజిల్ కారు. బారెడు బానెట్, దాని కింద ఎనిమిది సిలిండర్ల ఇంజను, నెత్తిన చెయ్యిపెట్టి అణిచేసినట్టుండే పైకప్పు. కుర్రతనం నుంచీ ఇలాంటి కారు నడపాలని మాస్టారికి మహా సరదా. ఆ సరదాయే కొంప ముంచింది.

మామూలుగా ఆయన మూడు రోజులు నడిపాకే రాస్తాడు. రాసే ముందు ఒక పరీక్ష పెడతాడు. కారు ముందు ఒక ఖాళీ రంగు డబ్బా ఉంచి, తను డ్రైవరు సీట్లో కూర్చుంటాడు. డబ్బా కనిపించకపోతే దిగి, ఇంకాస్త ముందుకు జరిపి, మళ్లీ వచ్చి కూర్చుంటాడు. కనిపించినచోట ఆపి టేపుతో కొలుస్తాడు. ఓపిక ఉన్నవాడు చేసే పని అది. ఈసారి మాస్టారికి ఓపిక లేదు. పని ముందే తెమిల్చేస్తే వారమంతా హాయిగా తిరగొచ్చనుకుని, కారు వచ్చిన ఉదయమే కంపెనీ ఇచ్చిన పుస్తకం ముందేసుకుని గంటలో రాసి వెబ్‌సైటులో పెట్టేశాడు. మంచి పక్కన ఇంజను గర్జన, ఇంత బలం ఇంకెక్కడా ఇంత చవగ్గా దొరకదన్న మాట, పెడల్ మీద కాలు ఆనిస్తే చాలు దూకుతుందన్న పొగడ్త. లోపాల పక్కన పెట్రోలు దాహం, సంచీ పెట్టుకోవడానికి తప్ప మనిషికి పనికిరాని వెనక సీటు, ఇరుకు పార్కింగులో తెరుచుకోని పొడుగు తలుపులు. డ్రైవరుకు రోడ్డు కనిపించే తీరుకు పదికి తొమ్మిది. 'అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది' అని కూడా రాశాడు. ఏ అరచేయో ఆయనకే తెలియాలి.

ఆ మధ్యాహ్నమే కారు తీశాడు. గేటు దగ్గర వాచ్‌మన్ కనిపించలేదు. గేటు మాత్రం సగం తెరిచి ఉంది. నేలలో దిగిన గడియ ఇరుక్కుంటే, వాచ్‌మన్ గొంతుక్కూర్చుని దాన్ని పైకి లాగుతున్నాడు, సరిగ్గా బానెట్ ముందు. మాస్టారు గేటు దాకా జరుగుదామని విసుగ్గా పెడల్ మీద కాలు ఆనించాడు. కారు ఆయన రాసినట్టే దూకింది. గేటుకూ బంపరుకూ మధ్య వాచ్‌మన్ పాదం నలిగింది.

దిగి చూసిన మాస్టారి నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "చూసుకోవద్దూ?"

"సారీ సార్, నాదే పొరపాటు," అన్నాడు వాచ్‌మన్, నేల మీద పాదం పట్టుకుని.

మాస్టారే అతన్ని అదే కారులో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. రెండు వేళ్లు విరిగాయన్నారు. కట్టు కట్టించి తీసుకొస్తే, కూర్చుని కునుకు తీసిన వాచ్‌మన్‌దే తప్పని తేల్చి, అంత పెద్దమనిషి పనివాడి కోసం ఎంత శ్రమపడ్డాడో అని అపార్టుమెంటంతా మెచ్చుకుంది. ఆ మెప్పుకి ఆయనకు ఒళ్లంతా చీదరెత్తింది, అయినా కాదనలేదు.

మర్నాడు ఉదయం ఎవరూ లేనప్పుడు కిందికి వెళ్లి, మానేసిన పరీక్ష పెట్టాడు. ఎనిమిది అడుగుల దాకా డబ్బా కనిపించలేదు. తరవాత డబ్బా మీద అట్టపెట్టె నిలబెట్టి, కూర్చున్న మనిషంత ఎత్తు చేసి బంపరుకు ఆనించాడు. అదీ కనిపించలేదు. ఆయనకు తల కొట్టేసినట్టయింది. పైకి వెళ్లి ఆ తొమ్మిదిని కొట్టేసి నాలుగు వేయాలని కూర్చున్నాడు. వేస్తే ఎందుకని అడుగుతారు, అడిగితే కారు నడపకుండానే రాశానని చెప్పాలి. ఇన్నేళ్ల పేరు గుర్తొచ్చి కంప్యూటర్ మూసేశాడు. ఆ తరవాత తేలు కుట్టిన దొంగలా ఇంట్లోనే ఉండిపోయాడు.

నాలుగో రోజు కమిటీ సమావేశం పెట్టారు. కూర్చుని కునుకు తీసే వాచ్‌మన్ మనకు వద్దు, ఇవాళ కాలు పోయింది, రేపు ప్రాణం పోతే ఎవరు జవాబుదారీ అన్నాడు ప్రెసిడెంటు. వాచ్‌మన్ కట్టుకాలితో గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. ఉద్యోగం పోతే మెట్ల కింద గది కూడా పోతుంది.

ప్రెసిడెంటు ఫోను తీసి అన్నాడు, "కారులో లోపం లేదు. మన మాస్టారే రాశారు, వినండి. అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది, పదికి తొమ్మిది. అంత బాగా కనిపించే కారు ముందు ఈ మనిషి ఎందుకు కనిపించలేదు? కునుకులో తూలి ఉన్నట్టుండి అడ్డం పడ్డాడు కాబట్టే."

మాస్టారు లేచి నిలబడ్డాడు.

"అది అబద్ధం. నేను ఆ కారు నడపకముందే రాశాను. బానెట్ ముందు కూర్చున్న మనిషి అందులోంచి కనిపించడు. కొలిచి చూశాను. తప్పు నాది."

ప్రెసిడెంటు ఫోను జేబులో పెట్టుకుని, అలాగైతే వాచ్‌మన్ను తీసే పని లేదని గొణిగాడు. అందరూ మాస్టారి ముఖం చూడకుండా లేచి వెళ్లిపోయారు. సిగ్గుతో చచ్చిపోయినా, గండం గడిచిందనే అనుకున్నాడు మాస్టారు.

గుమ్మం దాటుతుంటే వాచ్‌మన్ మెల్లగా అడిగాడు. "సార్, ఒక్కసారి మా ఆవిడకి కూడా చెబుతారా? నేను చెబితే నమ్మదు."

మెట్ల కింద గదిలో ఒక మంచం, ఒక పొయ్యి. వాచ్‌మన్ భార్య అప్పటికే సామాన్లు మూటలు కడుతోంది. మాస్టారు వంగి లోపలికి వెళ్లి, పైన చెప్పిన మాటే చెప్పాడు. పైన చెప్పినంత తేలిగ్గా రాలేదు. కొలిచింది ఎప్పుడని ఆమె అడిగింది. దెబ్బ తగిలిన మర్నాడేనని చెప్పక తప్పలేదు.

ఆమె కడుతున్న మూట వదిలేసింది. "కునుకు తీశావు, ఒప్పుకో అని నాలుగు రోజులుగా నేను ఈయన్ని తిడుతూనే ఉన్నాను సార్. చివరికి ఈయనే, నాకే తెలీకుండా కళ్లు మూతలు పడ్డాయేమోనే అన్నాడు. నిన్న పిల్లల ముందు కూడా తిట్టాను."

వాచ్‌మన్ గోడవైపు చూస్తున్నాడు. ఆమె అతన్ని చూసి, మళ్లీ మాస్టారి వైపు తిరిగింది.

"ఈ నాలుగు రోజులూ మీరు ఊళ్లో లేరా సార్?"

"పైనే ఉన్నానమ్మా," అన్నాడు మాస్టారు.