మెడపట్టులో మాటలు

కొరివికి అరవై ఎనిమిదేళ్ళు. కుట్టిన ప్రతి పరుపు మీదా, అమ్మే ముందు, ఒకసారి వెల్లకిలా పడి చూస్తుంది.

చేత్తో నొక్కి చూడదు, కూర్చుని చూడదు. పరుపుకి వీపు పెట్టి నిలబడి, గడ్డం గుండెకి ఆనించి, ఒక చెయ్యి బార్లా, ఒక చెయ్యి వంకరగానే చాపి, నరికిన మానులా వెనక్కి పడుతుంది. పడిన మరుక్షణం దుకాణం గోడల్లోంచి, దూది బస్తాల వెనక నుంచి, వేల గొంతులు ఒక్కసారి కేక వేస్తాయి. ఈలలు, చప్పట్లు, బెంచీల మీద కాళ్ళ దరువు. అన్నిటినీ మించి ఎవరో ముసలావిడ గొంతు, "దానికి అలాగే కావాలి" అంటూ. కొరివి లేచి బట్టలు దులుపుకుని, కుడి భుజం కింద ఇంకో పిడికెడు దూది పెట్టమని అక్క కూతురికి చెబుతుంది. అక్క కూతురు దబ్బనం అందుకుంటుంది. జనం సద్దుమణుగుతారు.

ఆ జనం ఎప్పుడూ ఆమెతోనే ఉంటారు. ఆమె పడితే సంబరపడతారు, ఆమె చెయ్యెత్తితే తిడతారు. అంగట్లో బేరమాడితే బుట్టల వెనక నుంచి ఛీకొడతారు. పక్క కొట్టు దర్జీకి రేడియోలో వార్తలు చదివే వేళ మాత్రమే అభ్యంతరం. దుకాణం అద్దెకిచ్చేటప్పుడు యజమాని ఎంతమంది ఉంటారని అడిగితే, నేనూ, మా అక్క కూతురూ, ఓ మూడు వేలమంది జనమూ అని ఉన్నమాటే చెప్పింది. వాళ్ళు నీళ్ళు వాడతారా అని అడిగాడు. వాడరంటే తాళంచెవి ఇచ్చాడు.

కొరివి అన్నది అమ్మ పెట్టిన పేరు కాదు, కంపెనీ పెట్టిన పేరు. ఇప్పటివాళ్ళు ఎరగరు గానీ, ఇంటింటికీ టీవీ రాని రోజుల్లో కుస్తీ కంపెనీలు ఊరూరూ తిరిగేవి. లారీలో నాలుగు ఇనప స్తంభాలు, చెక్క పలకలు, తాళ్ళు, పైన పరిచే మందపాటి గుడ్డ. సాయంత్రానికి బరి లేచేది. ఎవరు గెలవాలో, ఎవరు ఓడాలో, ఎవరు నుదురు గీసుకుని నెత్తురు చూపించాలో మధ్యాహ్నం భోజనాల దగ్గరే కంపెనీ యజమాని తేల్చేసేవాడు. పడటం మాత్రం నిజం. అదంతా ఉత్త నాటకమని నవ్వే పెద్దమనుషులు ఒక్కసారి ఆ పలకల మీద వీపు పెట్టి పడి, లేవగలిగితే లేచి, అప్పుడు నవ్వాలని కొరివి అనుకునేది.

ఆడవాళ్ళ పోటీ విశ్రాంతి తర్వాత ఉండేది, జనం తినేవి కొనుక్కొచ్చి కుర్చీలు వెతుక్కునే వేళకి. ఒకే గదిలో ఒకే దుప్పటి కింద పడుకుని, ఒకే గురువు దగ్గర పడటం నేర్చుకున్న ఇద్దరమ్మాయిల్ని యజమాని పక్కపక్కన నిలబెట్టి చూశాడు. సన్నగా, తెల్లగా ఉన్నది మంచిది, దాని పేరు పావురం. వెడల్పుగా, నల్లగా ఉన్నది చెడ్డది, అది కొరివి. మంచీచెడూ విడదియ్యడానికి ఆ మగాడికి సిగరెట్టు వెలిగించుకున్నంత సేపు కూడా పట్టలేదు. లోకం కూడా అంతకంటే ఎక్కువ సేపు ఆలోచించదు లెండి.

కంపెనీకి ఒక నియమం ఉండేది. మంచివాళ్ళూ చెడ్డవాళ్ళూ బయటెక్కడా కలిసి కనపడకూడదు. వేరే బస్సు, వేరే గుమ్మం, వేరే బస. ఎదురెదురుగా కూర్చుని టీ తాగుతూ ఎవరి కంటనైనా పడితే పని ఊడినట్టే. దాంతో ఆ ఇద్దరు స్నేహితురాళ్ళకి మాట్లాడుకోవడానికి ఒక్కటే చోటు మిగిలింది. మెడపట్టు.

కొరివి పావురం మెడ చుట్టూ చెయ్యేసి బిగించేది. జనం గుండెలు బాదుకునేవాళ్ళు. రెండు తలలూ ఒకదానికొకటి ఆని, జుట్టు ముఖాల మీద పడి ఉండేది. ఆ జుట్టు చాటున కొరివి అడిగేది, పిల్లాడికి జ్వరం తగ్గిందా అని. తగ్గింది, నీ మోకాలు ఎలా ఉందే అని పావురం. ఇక విసిరెయ్యనా అంటే, ఉండు, ఇంకో మాట ఉంది అనేది. ఎత్తే ముందు కొరివి ఆమె మణికట్టు ఒకసారి నొక్కేది, సిద్ధమేనా అని. పావురం తిరిగి నొక్కితేనే ఎత్తేది. ఆ తిరుగు నొక్కు రాకుండా ఒక్కనాడూ ఎత్తలేదు. ఇరవై ఏళ్ళ స్నేహం అలా గొంతు పిసుకుతూనే గడిచింది. అమ్మ పోయిన సంగతి, కడుపు నిలిచిన సంగతి, మొగుడు తాగొచ్చి కొడుతున్న సంగతి, అన్నీ మెడపట్టులోనే. కింద మాత్రం ఆడవాళ్ళు కొరివి దగ్గరగా వస్తే గుచ్చుదామని జడపిన్నులు చేత పట్టుకుని కూర్చునేవాళ్ళు.

పావురం నడుము విరిగిన రోజు ఆమె కొడుకు ముందు వరసలో ఉన్నాడు. ఏడేళ్ళవాడు. బరిలో ఒక పలక పుచ్చిందని ఇద్దరూ యజమానికి చెప్పారు. వచ్చే ఊళ్ళో చూద్దామన్నాడు. ఎత్తి విసిరిన క్షణంలో కొరివికి కాలి కింద పలక కుంగడం తెలిసింది. అప్పటికే పావురం గాలిలో ఉంది. కొరివి తన మోచేతిని ఆ నడుము కిందికి తోసింది. మోచెయ్యి నుజ్జయింది, మళ్ళీ తిన్నగా చాచడానికి రాలేదు. పావురం నడుము విరిగింది గానీ మనిషి దక్కింది. జనం చూసింది వేరు. కింద పడుతున్న ఆడదాన్ని రాక్షసి మోచేత్తో పొడిచింది. కంపెనీ ఆ ముక్కే వాల్‌పోస్టర్ల మీద అచ్చేయించింది. కొన్ని నెలలకి పావురం పగ తీర్చుకోవడానికి తిరిగొచ్చినప్పుడు హాల్లో నిలబడటానికి కూడా చోటు లేదు.

వాళ్ళ ఆఖరి పోటీలో, మెడపట్టులో, పావురం ఒక మాట తీసుకుంది. "నా కొడుక్కి మాత్రం ఎప్పటికీ చెప్పకే. వాళ్ళ నాన్న నా మీదికి వస్తే వాడు అడ్డం నిలబడి, మా అమ్మ కొరివినే ఓడించింది, నువ్వెంత అన్నాడు. ఆ మాట పట్టుకునే నేను ఆ మనిషిని గడప దాటించాను. అది అబద్ధమని వాడికి తెలియకూడదు." కొరివి మణికట్టు నొక్కింది. తర్వాత ఓడిపోయింది.

కంపెనీ మూతపడింది, ఆఖరి పోటీ జరిగిన హాలు టైల్స్ గోడౌను అయింది. ఉండటానికి చోటు లేక జనం కొరివి వెంట వచ్చేశారు. న్యాయంగా అయితే పావురం వెంట వెళ్ళాలి. కానీ చప్పట్లు కొట్టేవాళ్ళు ఆట అవగానే ఇళ్ళకి పోతారు, తిట్టేవాళ్ళే వెంటపడతారు. బరి పోయింది కాబట్టి మెడపట్టూ పోయింది. కొడుకు కంట కలిసి పడకూడదని, ఒకే ఊళ్ళో, నాలుగు వీధుల అవతలా ఇవతలా, ఇద్దరూ ఇరవై ఏళ్ళ పైన మాట లేకుండా బతికారు. ఆ మధ్య పాత కుస్తీ చరిత్ర అని ఎవరో ఫొటోల ప్రదర్శన పెట్టారు. గోడ నిండా మగాళ్ళ ఛాతీలు. ఆడవాళ్ళది ఒక్కటే ఫొటో, అందులో పావురం ముఖం సగం, కొరివి మోచెయ్యి. కింద ఇద్దరి పేర్లూ లేవు. రెఫరీ పేరు ఉంది.

ఒక పొద్దున్న పరుపుల దుకాణం గుమ్మంలో ఒకామె నిలబడింది. ఆమెని చూడగానే గోడల్లో జనం ఊపిరి బిగబట్టారు. అలా ఎప్పుడూ చెయ్యరు. అక్క కూతురు కుట్టడం ఆపి తలెత్తింది.

"మంచం పట్టిన మనిషికి పరుపు కావాలండీ. వీపుకి పుళ్ళు పడుతున్నాయి. మా అత్తయ్యకి. మీకు తెలుసు ఆవిడ."

పావురం కోడలు. నిలబడే చెప్పింది. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. ఆస్పత్రిలో కొంత కోలుకుంది గానీ, నాలుగు రోజులుగా నోట్లో వేసింది మింగడం లేదు. గోడకేసి తిరిగి పడుకుంటుంది. గొంతు పనిచేస్తోంది, మనిషికే మనసు లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు డాక్టరు. ఇంటికి తెచ్చారు, ఇక చూస్తూ కూర్చోవడమే. తను ఇక్కడికి వచ్చినట్టు భర్తకి తెలియదు. తెలిస్తే పరుపు వీధిలో పడుతుంది. కానీ ఊళ్ళో ఇంత బాగా ఇంకెవరూ కుట్టరు కదా.

కోడలు కొలతలు రాసుకున్న కాగితం తియ్యబోయింది. కొరివి వద్దంది. పావురం బరువు ఎక్కడ ఎంత పడుతుందో తన మోచేతికి తెలుసంది. పరుపు తనే తెచ్చి వేస్తానని కూడా అంది. కోడలు కాగితం మడిచి, కాదనకుండా వెళ్ళిపోయింది.

ఆ రోజంతా ఇద్దరూ దూది ఏకారు. సాయంత్రం అక్క కూతురు ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"పిన్నీ, వాళ్ళబ్బాయి నిన్ను గుమ్మంలోనే ఆపేస్తాడు. ఉన్నమాట చెప్పెయ్యరాదూ? కంపెనీ లేదు, యజమాని లేడు. ఇంకా ఎవరి కోసం దాస్తావు?"

"యజమానికిచ్చిన మాటే అయితే వాడు పోయిన రోజునే ఊరంతా టముకు వేసేదాన్ని."

"చెప్పకపోతే లోపలికి రానివ్వడు. ఆవిడ అలాగే పోతుంది."

"చెబితే వాడి చేతిలో ఉన్నది పోతుంది," అంది కొరివి, దబ్బనంలో దారం ఎక్కిస్తూ. "ముందు కుట్టనీ."

మర్నాడు మధ్యాహ్నం పరుపుని తోపుడు బండి మీద వేసి ఇద్దరూ నాలుగు వీధులు తోశారు. పావురం కొడుకు కార్లు నడపడం నేర్పుతాడు. భోజనానికి వచ్చి ఉన్నాడు, చెయ్యి ఇంకా తడిగానే ఉంది. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. అతని వెనక కోడలు.

"నువ్వా," అన్నాడు. "మా అమ్మ నడుము విరిచింది చాలలేదా? పోయేది కూడా చూడ్డానికి వచ్చావా?"

అతని భుజం మీదుగా కొరివికి మంచం కనపడుతోంది. నెరిసిన జుట్టు, దుప్పటి కింద ఎముకలు, గోడ వైపు తిరిగిన వీపు. వంగిన మోచెయ్యి చూపించి ఒక్క మాట అంటే చాలు, అతను పక్కకి తప్పుకుంటాడు. ఆ మాట నాలిక మీదికి వచ్చింది కూడా. కొరివి దాన్ని మింగేసింది. కాళ్ళు ఎడంగా పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని, హాలు చివరి బెంచీ దాకా వినపడే పాత గొంతు బయటికి తీసింది.

"చూడ్డానికే వచ్చాను. ఏమే పావురం, గోడ చాటున దాక్కున్నావా? ఇన్నాళ్ళూ నువ్వు గెలిచింది నా మోకాలు బాగాలేకపోబట్టేనని రేపటి నుంచి ఊరంతా చెప్పుకుంటాను. కాదనడానికి నువ్వెలాగూ ఉండవుగా."

జనం లేచారు. దుకాణంలో వినపడే గొంతులు కావవి, హాలు నిండిన నాటివి. కిటికీ అద్దాలు అదిరాయి, అలమరలో పళ్ళేలు మోగాయి. పై వాటావాళ్ళు కిటికీలు వేసుకున్నారు. కొడుకు ఆమె మీదికి చెయ్యి చాచాడు. కొరివి ఆ చేతి కింద నుంచి దూరి, మంచం దగ్గరికి చేరి, పావురం మెడ చుట్టూ చెయ్యేసి బిగించింది.

చూసేవాళ్ళకి గొంతు పిసుకుతున్నట్టే ఉంది. జుట్టు రెండు ముఖాల మీదా పడింది.

"వచ్చానే," అంది కొరివి ఆమె చెవిలో. "ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు. కోడలు మంచి పిల్ల. వీడు నీ పోలికే, అడ్డం నిలబడటం మానలేదు. ఇప్పుడు నీ భుజాలు అదిమి పెడతాను. లేస్తావో, ఊరుకుంటావో నీ ఇష్టం. నేనేమీ అనుకోను."

మణికట్టు నొక్కింది. ఏమీ రాలేదు. జనం తిడుతూనే ఉన్నారు, కొడుకు ఆమె జాకెట్టు వెనక పట్టుకుని లాగుతున్నాడు. కొరివి కదలలేదు. తిరుగు నొక్కు రాకుండా ఆమె ఎప్పుడూ ఏదీ చెయ్యలేదు.

వచ్చింది. ఈగ వాలినంత.

కొరివి ఆమెని వెల్లకిలా తిప్పి, రెండు భుజాలూ పరుపుకి అదిమి పెట్టింది. గోడలన్నీ కలిసి, మూడు లోపు భుజం లేవకపోతే ఓడినట్టే అనే ఆ పాత లెక్క మొదలుపెట్టాయి. ఒకటి.

కొడుకు చెయ్యి ఆగిపోయింది. లెక్క నడుస్తుండగా బయటివాళ్ళు బరిలో మనిషిని ముట్టుకోకూడదు. ఏడేళ్ళప్పుడు ముందు వరసలో కూర్చుని నేర్చుకున్నది ఒంట్లోంచి పోలేదు.

రెండు.

"లే అమ్మా," అన్నాడు. అరవలేదు. అప్పట్లో అన్నట్టే అన్నాడు.

మూడు అనబోయిన నోళ్ళు తెరుచుకునే ఉండిపోయాయి. పావురం కుడి భుజం పరుపు మీద నుంచి లేచింది. కింద అరచెయ్యి దూరేంత ఎత్తు, అంతే.

పైకప్పు నుంచి సున్నం రాలింది. కొరివి గుర్రం తన్నినట్టు వెనక్కి ఎగిరి, గడ్డం గుండెకి ఆనించి, ఒక చెయ్యి బార్లా, ఒక చెయ్యి వంకరగానే చాపి, మంచం పక్కనే కటిక నేల మీద వెల్లకిలా పడింది. ఆ చప్పుడు నిజమైన చప్పుడు. జనం కేరింతలు కొట్టారు. ఓడిన మనిషి ఎంతసేపు పడి ఉండాలో అంతసేపూ ఆమె లేవలేదు.

పావురం ముఖం గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. నోరు ఒక పక్కకి పోయింది గానీ అది నవ్వేనని అక్కడున్న అందరికీ తెలిసింది. నీళ్ళు అంది. కోడలు చెంచాతో పట్టింది. గొంతు కదిలింది, ఇంకో చెంచా కోసం నోరు తెరిచింది.

కొడుకు కిందికి చూశాడు. అమ్మ కుడి చెయ్యి మంచం అంచు మీంచి వేలాడుతోంది. కింద పడున్న మనిషి మణికట్టుని పట్టుకుని ఉంది. విడిపించుకోవడానికి కాదు, వదలకుండా. అతను దాని వైపు చాలాసేపు చూశాడు. ఏమనుకున్నాడో ఎవరూ అడగలేదు.

"వచ్చే వారం కూడా రా," అన్నాడు చివరికి. "మళ్ళీ మా అమ్మే గెలుస్తుంది."

"చూద్దాంలే," అంది కొరివి నేల మీద నుంచే. "ముందు ఆ పాత పరుపు తీసెయ్యి. చెక్కలా ఉంది."

కొత్త పరుపు మీద పావురం ఇంకో నాలుగేళ్ళు బతికింది. ప్రతి మంగళవారం గెలిచింది. మెడపట్టు మాత్రం రాన్రానూ పొడుగైపోయింది. కోడలు పెట్టిన టీ చల్లారిపోయేది, లెక్క ఎప్పుడు మొదలవుతుందా అని జనం ఆవలించేవాళ్ళు. ఆమె పోయిన మర్నాడు కొరివి దుకాణం తెరిచి, కుట్టిన పరుపు మీద వెల్లకిలా పడింది. ఎవరూ కేక వెయ్యలేదు. దర్జీ రేడియో ఆపి వచ్చి, ఏమైందని గుమ్మంలోంచి అడిగాడు.

తర్వాత కొరివి చాలా ఏళ్ళు పరుపులు కుట్టింది. పావురం నడుము విరిచింది ఎవరని ఎవరడిగినా, ఒకసారి ఆ కొడుకే వచ్చి మెల్లిగా అడిగినా, నేనే అని చెప్పింది.