జోడు తుమ్ము

మా కోస్ట్ గార్డ్ స్టేషన్లో చేసే పని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. సముద్రంలో ఎవరో మునుగుతుంటారు, మేం హెలికాప్టర్లో వెళ్లి, తాడు వదిలి పైకి లాగుతాం. తాడు చివర వేలాడేవాణ్ణి నేను. పైన కూర్చుని తాడు మర తిప్పేవాడు ఏసురత్నం, బాపట్ల దగ్గరివాడు. నడిపే పైలట్ను అందరం సారు అనే అంటాం. ఆయనకు తెలుగు రాదు. నవ్వడం కూడా రాదు.

బయల్దేరే ముందు సారు ఒక అట్ట పట్టుకుని పైకి చదువుతాడు. బెల్టు, హుక్కు, తాడు, నూనె, ఇలా ముప్పై నాలుగు. మధ్యలో ఒకటి తప్పిందా, మళ్లీ మొదటి నుంచి. అవతల మనిషి మునుగుతున్నా సరే, అట్ట పూర్తయితేనే రెక్క తిరిగేది.

ఇంతకంటే పెద్ద జాబితా మా మేనత్త జోగమ్మ దగ్గర ఉండేది. అట్ట అక్కర్లేదు, అంతా ఆమె నోట్లోనే. గడప దాటేటప్పుడు పిల్లి ఎదురు రాకూడదు. ఎక్కడికి అని ఎవరూ అడగకూడదు. అన్నిటికీ మించి, ఒంటి తుమ్ము వినపడకూడదు. వినపడితే వెనక్కి వచ్చి, కూర్చుని, నీళ్లు తాగి, అప్పుడు కదలాలి. రెండు తుమ్ములైతే భయం లేదు. జోడు తుమ్ము మంచిదే.

మాది గద్వాల దగ్గర, కృష్ణ మధ్యలో ఉన్న నాగులగడ్డ. నాలుగు వైపులా నీళ్లు, ఎటు పోవాలన్నా పుట్టి అనే గుండ్రటి బుట్ట పడవ ఎక్కాల్సిందే. తల్లి లేని నన్ను అత్తే పెంచింది. కోస్ట్ గార్డ్ ఉద్యోగానికి బయల్దేరిన రోజు గడప దగ్గర తుమ్మింది కూడా అత్తే. ఒక్కటే తుమ్ము.

"కూసో రా. నీళ్లు తాగి పో" అంది.

అవతల పుట్టి కదులుతోంది. నేను నవ్వాను. "నీ తుమ్ముకు సర్కారు నౌకరి ఆగుతదా అత్తా?" అని గంతేసి వెళ్లిపోయాను.

అంతే. మూడేళ్లు నాతో మాట్లాడలేదు. సెలవుకు వస్తే వేడి వేడి జొన్నరొట్టె పెట్టేది, కానీ గోడకేసి చూస్తూ పెట్టేది. "ఇంకో రొట్టె కావాల్నో ఏమో" అని గోడను అడిగేది. నేను కూడా గోడకే జవాబు చెప్పేవాణ్ణి. నాకూ పొగరు తక్కువేం కాదు. కానీ అలా తింటే కడుపు నిండేది కానీ తిన్నట్టుండేది కాదు.

జూరాల దగ్గర డ్యాం పని ఇంకా సాగుతున్న రోజులవి. ఆ ఏడు భాద్రపదంలో కృష్ణ పొంగింది. హెలికాప్టర్లు చాలక మమ్మల్ని కూడా సముద్రం వదిలి గద్వాలకు పొమ్మన్నారు. మైదానంలో దిగితే ఊరంతా వచ్చింది. ఒకావిడ హెలికాప్టర్ ముక్కుకు పసుపు రాసి బొట్టు పెట్టింది. సారు నల్ల కళ్లద్దాలు తీసి ఆమెను చూసి, మళ్లీ పెట్టుకున్నాడు.

నాగులగడ్డ జనమంతా నిన్ననే పుట్టిలో ఒడ్డుకు చేరారని, ముగ్గురే మిగిలారని అక్కడి కావలికారు కురువ తిరుపతయ్య చెప్పాడు. ఎవరని నేను అడగలేదు. గుండె అప్పటికే చెప్పేసింది.

"ఎందుకు ఆగిన్రు?" అన్నాను.

"పుట్టి ఎక్కుతాంటే మీ పక్కింటి బుచ్చన్న తుమ్మిండు. ఒకటే తుమ్ము. మీ అత్త అందర్ని కూసోమన్నది. ఎవరింటరు? గా బుచ్చన్న, మీ మామ ఇద్దరే ఇన్నరు. ముగ్గురు నీళ్లు తాగి లేసేసరికి పుట్టి పాయె. మల్ల పోదమంటే ఏరు పోనియ్యలే."

నాకు అత్త మీద ఒళ్లు మండిపోయింది. దొరికితే నాలుగు దులపాలనుకున్నాను. దొరకకపోతే అన్న ఆలోచనను దగ్గరికి రానివ్వలేదు.

పైనుంచి చూస్తే మా మిద్దె కనిపించింది. మట్టి మిద్దె. నీళ్లు కిటికీల దాకా వచ్చాయి, ఒక మూల అప్పటికే కుంగింది. సాయంత్రం దాకా నిలవదు. మిద్దె మీద అత్త, సత్తయ్య మామ, పక్కింటి బుచ్చన్న తాత. వాళ్ల పక్కన ఒక నీళ్ల చెంబు, నోటికి గుడ్డ కట్టిన పెద్ద కుండ. ఇరవై నిమిషాలకే చమురుందని సారు వేళ్లతో చూపించాడు.

నేను తాడు పట్టుకుని దిగాను. నాతోపాటు హెలికాప్టర్ గాలీ దిగింది. కుండ మీది గుడ్డ ఎగిరిపోయింది. అందులో ఉన్నది ఏడాదికి సరిపడా దంచిన కారం.

ఎర్రటి మబ్బు లేచింది. నేను చేతులు ఊపితే సారు హెలికాప్టర్ను నది మీదికి జరిపాడు. మామకు బెల్టు బిగించి మళ్లీ పిలవబోయేంతలో మామ తుమ్మాడు.

ఒక్కటే.

మామ బెల్టుతో సహా అక్కడే చతికిలపడ్డాడు.

"లే మామా!"

"మీ అత్త ఏమంటదో అడుగు."

అత్త నా వైపు చూడలేదు. కుండతో అంది, "నీళ్లు తాగినంక పోవచ్చు."

వాదిస్తున్నా, ఒక్కొక్కరూ కూర్చుని తీరిగ్గా నీళ్లు తాగుతున్నా చమురు అయిపోతుంది. అత్త జాబితా నేనూ చదువుకున్నవాణ్ణే. కుండలోంచి చిటికెడు కారం తీసి మామ ముక్కు కింద పెట్టాను. మామ మిద్దె అదిరేలా ఇంకోసారి తుమ్మాడు.

"జోడు!" అని అరిచాను.

అత్త కుండకేసి చూసి తలాడించింది. మామ పైకి వెళ్లాడు.

బుచ్చన్న తాత మూడు తుమ్మాడు. బేసి. నాలుగోదానికి రెండు చిటికెలు పట్టింది. పాపం, ఆయన కళ్లనీళ్లతో, ముక్కునీళ్లతో, సరి సంఖ్యతో స్వర్గానికి వెళ్లినట్టు వెళ్లాడు. పైన ఏసురత్నం గడియారం మీద టకటకా కొట్టి చూపిస్తున్నాడు.

అత్త తుమ్మలేదు. కొంగు ముక్కుకు బిగించి కట్టుకుంది. కుండ లేకుండా రానంటుందని భయపడ్డాను, కానీ గాలికి కుండ అప్పటికే ఖాళీ అయింది. ఆమెకు బెల్టు బిగించాను. స్టేషన్లో వందసార్లు బిగించిన బెల్టే. అయినా సారులా ముప్పై నాలుగూ రెండుసార్లు చూసుకున్నాను. ఒకప్పుడు అత్త దిట్టమైన మనిషే, కానీ ఎత్తుతుంటే బరువు లేనట్టే లేచింది. అది చూసి నాకు బాధేసింది.

ఇక నేనొక్కణ్ణే. తాడు మళ్లీ దిగింది. హుక్కు అందుకుని బెల్టుకు తగిలించుకున్నాను.

తుమ్మాను.

రెండోదాని కోసం ఆగాను. రాలేదు. కుండ అడుగు గోకాను, చిటికెడు కారం లేదు. తల ఎత్తితే తలుపు దగ్గర అత్త మొహం కనిపించింది. ఆ చప్పుడులో తుమ్ము వినపడదు, కానీ నా తల ఊగడం చూసింది. మూడేళ్ల కింద గడపలో నిలబడి చూసినట్టే చూస్తోంది. ఏసురత్నం పిడికిలి బిగించి, రమ్మని ఊపుతున్నాడు.

నేను కూర్చున్నాను.

కుంగుతున్న మిద్దె మీద బాసింపట్టు వేసుకుని, పైన తాడు వేలాడుతుండగా, చెంబు అందుకుని తాగాను. సగం తాగి, మిగిలింది ఒలక్కుండా పట్టుకుని లేచి, లాగమని చెయ్యి ఊపాను. నేను పైకి లేచిన కాసేపటికి కింద ఇంకో మూల కుంగింది.

లోపలికి లాగగానే ఏసురత్నం నా మీద పడ్డాడు. "నీకేమన్నా పిచ్చా? కిందేమన్నా పెళ్లి విందు పెట్టారా, తీరిగ్గా కూర్చున్నావ్!" సారు వెనక్కి తిరిగి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. అది జాబితాలో లేని మాట.

అత్త మాత్రం మొహం అటు తిప్పుకుని కొంగు విదిలించింది. దాని నిండా కారమే.

సారు తుమ్మాడు. హెలికాప్టర్ జానెడు జారి మళ్లీ లేచింది.

ఒక్కటే తుమ్ము. మామ, బుచ్చన్న తాత ఊపిరి బిగపట్టారు. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుని అరిచింది.

"ఒరే కురుమూర్తీ! ఆపుమను! సారును జర కూసోమను!"

"ఆయన కూసునే ఉన్నడు అత్తా."

అత్త ఆలోచనలో పడింది. "అట్లనా. మరి నీళ్లు తాపు."

నేను చెంబు ముందుకు అందించాను. సారు ఏమనుకున్నాడో ఏమో, కళ్లద్దాలు తీయకుండానే గటగటా తాగేశాడు. కారం మంట ఆయనకూ ఉన్నట్టుంది. అప్పటికి గానీ నాకు తట్టలేదు, అత్త నన్ను పేరు పెట్టి పిలిచిందని. నా కళ్లు నీళ్లతో నిండాయి. కారం వల్ల కాదు.

హెలికాప్టర్ గద్వాల వైపు తిరిగింది. అత్త నా చెయ్యి ఇంకా వదల్లేదు. నన్ను కిందనుంచి మీది దాకా చూసింది.

"గా సముద్రం కాడ రొట్టెలు దొరకయా ఏంది? గింత బక్కగైనవ్" అంది.

గోడతో కాదు. నాతోనే.