పూతరేకుల ఇంట్లో పలక

నేను ఒక పలకను. బలపంతో పనిలేని పలకను. ముఖమంతా అద్దం, నుదుటి మీద ఒంటికన్ను, లోపల బోలెడన్ని బొమ్మలు. మీరు నన్ను ట్యాబ్ అంటారు, అనండి. పుట్టిందెక్కడో నాకే సరిగ్గా తెలీదు. కన్ను తెరిచేసరికి నాలాంటివాళ్ళు వేలమంది అట్టపెట్టెల్లో బారులు తీరి ఉన్నారు. మేమంతా లోకాన్ని ఉద్ధరించబోతున్నామని ఆ పెట్టెల మీద రాసి ఉంది.

నా మొదటి యజమానురాలు రాజమండ్రిలో ఇంజనీరింగ్ సీటు కోసం చదివే అమ్మాయి. పాఠాలు వినమని వాళ్ళ నాన్న నన్ను కొనిచ్చాడు. ఆ పిల్ల నాలో పెళ్ళికూతుళ్ళ జడలు తప్ప ఇంకోటి చూసిన పాపాన పోలేదు. ఫలితాలు వచ్చిన రోజున తప్పంతా నాదేనన్నట్టు ఆ తండ్రి నన్నొక ఆసుపత్రికి దానం చేసేశాడు. మనుషుల న్యాయం ఇలాగే ఉంటుంది. అయితేనేం, నా అదృష్టం అక్కడే పండింది.

ఆ ఆసుపత్రిలో సుహాసిని అని ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి ఉంది. పక్షవాతం వచ్చినవాళ్ళు రోజూ అంత దూరం రాలేరు కదా. అందుకని కాళ్ళూ చేతులూ ఎలా ఆడించాలో తనే చేసి చూపిస్తూ, వీడియోలు తీసి నాలో పెట్టింది. రోగులు నన్ను ఇంటికి తీసుకెళ్ళాలి, రోజూ చూసి చెయ్యాలి, నయమయ్యాక నన్ను తిరిగివ్వాలి. అలా నేను ఆత్రేయపురంలో వీరవేణి ఇంట అడుగుపెట్టాను.

వీరవేణి పూతరేకులు తీసే మనిషి. ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. బోర్లించిన కుండ, దాని కింద కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని రెండు చేతులా అంచులు పట్టుకుని, కుండ మీద అలా పరిచి ఇలా లాగెయ్యాలి. రెప్పపాటులో రేకు తయారు. ఈవిడ తీసిన రేకులోంచి చూస్తే అవతలి మనిషి మొహం కనపడేదట. అలాంటి మనిషికి కుడిచెయ్యి పడిపోయింది. మొగుడు దొరబాబు పిండి కలపగలడు, మంట పెట్టగలడు, నెయ్యి రాసి బెల్లం చల్లి మడతా పెట్టగలడు, రేకు తీయడం మాత్రం ఆయన వల్ల కాదు. దాంతో కుండ అటకెక్కింది. "ఆ కుండ కిందికి దిగితే చాలు, నాకింకేం అక్కర్లేదు" అనేది వీరవేణి. ఆవిడ కోరిక అదొక్కటే, నా పనీ అదొక్కటే.

మొదటి రోజు దొరబాబు నన్ను బియ్యం డబ్బాకి ఆనించి వీడియో పెట్టాడు.

"నమస్కారం అమ్మా, ఎలా ఉన్నారు?" అంది నాలోని సుహాసిని.

"ఆయ్, బానే ఉన్నానండి. మీరు బాగున్నారా?" అంది వీరవేణి, ఎడంచేత్తో పైట సర్దుకుంటూ.

బల్ల మీద తువ్వాలు పరిచి, రెండు చేతులా దాని అంచు పట్టుకుని ముందుకు తోయమంది సుహాసిని, వెనక్కి లాగమంది. "ఆయ్" అంది వీరవేణి. కుడిచెయ్యి చచ్చుగా పడుంటే ఎడంచెయ్యే దాన్ని ఈడ్చుకుపోయింది. "చాలా బాగా చేశారమ్మా" అంది సుహాసిని. అప్పుడు చూడాలి వీరవేణి మొహం, చాటంత అయింది.

నాకప్పుడు వెలిగింది. ఆ పిల్ల తనని చూస్తోందనుకుంటోంది ఈవిడ! మర్నాటి నుంచి నా ముందుకొస్తే తల దువ్వుకోవాల్సిందే, బొట్టు పెట్టుకోవాల్సిందే, ఉతికిన చీర కట్టాల్సిందే. ఒక్కరోజు మానలేదు. "ఆ పిల్ల టయానికొచ్చి కూకుంటాది. మనం లేపోతే మర్యాదేనా?" అనేది. సంగతి తెలిసిన దొరబాబు, చెయ్యి కదుపుతోంది కదా చాల్లెమ్మని నోరు మెదపలేదు. అలా అలా ఒకనాటికి ఆ కుడిచేతి వేళ్ళు తువ్వాలు అంచు పట్టుకున్నాయి, వాటంతట అవే పట్టుకున్నాయి. ఉబ్బితబ్బిబ్బయిపోయాను. ఛార్జింగ్ అయిపోవస్తున్నా ఆ రోజు పంతం పట్టి వెలుగుతూనే ఉన్నాను.

కొంప ముంచింది చుడీదారు. ఎప్పుడు చూసినా సుహాసిని ఒంటి మీద ఆ ఆకుపచ్చదే ఉండేసరికి వీరవేణి జాలిపడింది. తోడికోడలు మంగతాయారుని పిలిచింది. "పాపం, ఆ పిల్లకి ఉన్నది ఒకటే జత కాబోలు. బజారుకెళ్ళి ఓ చుడీదారు గుడ్డ తెచ్చిపెట్టవే."

మంగతాయారు నన్ను చూసి, ఆవిడని చూసి, పొట్ట పట్టుకుని నవ్వింది. "అది వీడియో అక్కా. ఎప్పుడో తీసి పెట్టేసింది. నిన్ను చూడదు, నీ మాటా ఇనదు." సాయంత్రానికల్లా వీధంతా నవ్వింది.

వీరవేణి నవ్వలేదు. "అయితే నా చెయ్యి కదలకపోయినా బాగా చేశారనే అంటాదన్నమాట" అంది. నన్ను బోర్లా పడేసి మంచమెక్కింది.

చెప్పొద్దూ, నా ప్రాణం ఉసూరుమంది. ఆ పిల్ల చూడకపోతేనేం, నేను చూశాను కదా! చచ్చుబడ్డ చెయ్యి అంచు పట్టుకునేదాకా వచ్చిందని ఈ ఒంటికంటికి తెలుసు. కానీ ఎవరో నేర్పింది అప్పజెప్పడమే తప్ప సొంతంగా ఒక్క ముక్క అనలేని బతుకు నాది. వీరవేణి అటక వైపు చూడటం కూడా మానేసింది. ఆ వేళ్ళు మళ్ళీ ముడుచుకుపోసాగాయి.

దొరబాబు బతిమాలాడు, కోప్పడ్డాడు, ఏదీ పని చెయ్యలేదు. ఒక పొద్దున నన్ను నిలబెట్టి, తువ్వాలు పరుచుకుని తనే కూర్చున్నాడు. భుజాలు చెవుల దాకా లేపాడు, మోచేతులు చెరో దిక్కుకీ పెట్టాడు. బావిలోంచి నీళ్ళు తోడుతున్నట్టు లాగాడు.

"చాలా బాగా చేశారమ్మా" అంది సుహాసిని.

"ఆయ్" అన్నాడు దొరబాబు మురిసిపోతూ.

మంచం మీద వీరవేణి లేచి కూర్చుంది. "ఏటి మావా, అదా చెయ్యడం? భుజం దించు."

"నీకెందుకే, ఆవిడ బాగుందంది కదా."

"ఆవిడ చూత్తందా ఏటి? నేను చూత్తన్నాను. లెగు అక్కణ్ణించి."

ఆయన లేచాడు, ఆవిడ కూర్చుంది. మొగుడి తప్పు దిద్దడాన్ని మించిన మందు ఏ ఆసుపత్రిలోనూ దొరకదు. అంచు పట్టింది, ముందుకు పరిచింది, వెనక్కి లాగింది. మళ్ళీ లాగబోతూ ఆగి తన చేతుల వంకే చూసుకుంది.

"మావా, ఇది రేకు తీసే లాగుడే కదా. ఆ కుండ దింపు."

కుండ దిగింది! సుహాసినికి చూపిద్దామని దొరబాబు నన్ను పొయ్యికి ఎదురుగా పెట్టి వీడియో తీయడం మొదలెట్టాడు. మొదటి రేకు మధ్యలో చిరిగింది. తర్వాతది ఒక పక్కకే అంటుకుంది. ఇంకోసారి గుడ్డే జారిపోయింది. నాకు గుండె లేదు గానీ ఉంటే ఆగిపోయేది. వీరవేణి పళ్ళు బిగించి, గుడ్డ ముంచి, పరిచి, లాగింది. చివర్లు కాస్త వంకర, అయినా నిండు రేకు! రెండు చేతులా దాన్నెత్తి నా కంటికి అడ్డం పెట్టింది. అందులోంచి నాకు ఆవిడ మొహం కనపడింది. నవ్వుతోంది, ఏడుస్తోంది.

రేకు పక్కన పెట్టి నా కంట్లోకి చూసింది. "చూశావా సుహాసినమ్మా? ఇప్పుడు నువ్వు చెయ్యి. అంచు వదలకు. భుజం దించు. ఆఁ, చాలా బాగా చేశావమ్మా."

"ఆ పిల్ల నీకు కనపడతందేటే?" అన్నాడు దొరబాబు.

"ఊరుకో మావా. చేత్తాదిలే."

నన్ను తిరిగిచ్చిన రోజున నాతో పాటు పూతరేకుల పొట్లం, చుడీదారు గుడ్డ కూడా వెళ్ళాయి. సుహాసిని ఆ వీడియో చూసి కళ్ళు తుడుచుకుంది. దాన్ని చెరపకుండా తన పాఠాల పక్కనే పెట్టింది.

ఇప్పుడు నేను రావులపాలెంలో లారీ డ్రైవరు బుల్లెబ్బాయి ఇంట్లో ఉన్నాను. ఆయనకి ఎడంచెయ్యి పడిపోయింది. ఇక స్టీరింగు పట్టేది లేదని గోడవైపు తిరిగి పడుకున్నవాడు ఇటు తిరగలేదు. ఇవాళ ఆయన భార్య తెలీక సుహాసిని పాఠం బదులు వీరవేణిది నొక్కింది.

"అంచు వదలకు. భుజం దించు" అంది వీరవేణి.

బుల్లెబ్బాయి ఇటు తిరిగాడు. పొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ తననే చూస్తున్న ఆవిడ వంక చూశాడు. మెల్లగా భుజం దించాడు.

"ఆఁ, చాలా బాగా చేశావమ్మా."

"ఏమే," అని భార్యని గుసగుసగా అడిగాడు, "ఆవిడకి మనం కనపడతన్నామా?"

బుల్లెబ్బాయి తన బనీను వంక చూసుకున్నాడు. మంచం అంచు పట్టుకుని లేచి కూర్చున్నాడు.

"ఆ చొక్కా ఇలా ఇయ్యి."