కోడ్‌లో రోజీ పేరు

ఫోన్ పెట్టేశాక గాని నేనేం చేశానో నాకు తట్టలేదు.

ఫోన్ చేసింది అశ్రిత, శామీర్‌పేటలో ఉండే నా స్నేహితురాలు రోజీ కూతురు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఏదైనా పాత వెబ్‌సైట్ తీసుకుని కోడ్‌లో తప్పులు పట్టాలట, కాలేజీ పని.

"పెద్దమ్మా, నీదొక సైట్ ఉండె అంట గదా. ఇంకా నడుస్తాందా?"

గొప్పగా అడ్రస్ చెప్పేశాను.

'క్రిస్టీనా పేజీ' 2006లో మొదలుపెట్టి ఏడేళ్లు రాశాను. పగలు రోజీ, నేను జీడిమెట్లలో మందుల ప్యాకింగ్. సాయంత్రం నేను మేడ్చల్‌లో నెట్ సెంటర్‌కు వెళ్లేదాన్ని. నేర్పేవాళ్లు లేరు. ఇతరుల పేజీల కోడ్ తెరిచి, నోట్‌బుక్‌లో ఎక్కించుకుని, ఇంటికెళ్లి చదివేదాన్ని. అలా నేర్చుకుని ఉచిత సర్వర్‌లో సైట్ పెట్టాను. నా ఫొటో, నాకు నచ్చిన బైబిల్ వాక్యాలు, మా గౌడవెల్లి చర్చిలో వారం వారం చెప్పుకునే ప్రార్థన అవసరతలు, అంటే ఎవరి కోసం ఏమని ప్రార్థించాలో.

అవసరతల్లో పేర్లుండవు, 'ఒక సహోదరి' అంతే. ఎవరో నాకు గుర్తుండాలని, పేరును మాత్రం కోడ్‌లో రెండు గుర్తుల మధ్య రాసేదాన్ని. అలా రాసింది పేజీలో కనబడదు. కోడ్ తెరిస్తే కనబడుతుంది. మా చర్చిలో కోడ్ తెరిచే మనిషిని అప్పట్లో నేనొక్కదాన్నే.

ఆ అవసరతల్లో ఒకటి: 'ఒక సహోదరి కడుపులో బిడ్డ వద్దనుకుంటోంది. దేవుడు దారి చూపాలి.' వెనుక రోజీ పేరు, తేదీ.

ఆ బిడ్డే అశ్రిత.

తీసేద్దామని కూర్చున్నాను. పాస్‌వర్డ్ తప్పు. మళ్లీ తప్పు. కొత్తది రావలసిన ఈమెయిల్ ఎప్పుడో మూతపడింది. రోజీ ఫోన్ ఎత్తలేదు. స్కూటీ తీశాను. శామీర్‌పేట దాకా బ్రేక్ మీద చెయ్యి వేసింది తక్కువ.

తలుపు తీసే ఉంది. ల్యాప్‌టాప్ నిండా నా కోడ్.

"మస్తు తప్పులున్నయ్ పెద్దమ్మా," అంది అశ్రిత తలెత్తకుండా. "గిట్ల దాస్తరా ఎవరన్నా పేర్లు?"

"అశ్రితా, అది... అప్పుడు మీ అమ్మ..."

"నా గురించే గదా? చూసిన."

వంటింట్లోంచి చాయ్ గ్లాసుతో వచ్చిన రోజీ నా మొహం చూసింది.

"గీ ముచ్చటకా ఉరికొచ్చినవ్ అక్కా? దానికి టెన్త్‌లనే చెప్పిన. అప్పుడు నాకు పంతొమ్మిదేండ్లు, కడుపుతోని ఉన్నదని తెలిస్తే పనిలకెళ్లి తీసేస్తరని భయం. నేను చెప్పకపోతే ఇంకెవరో చెప్తరు."

"రెండ్రోజులు మాట్లాడలే నేను," అంది అశ్రిత. "తర్వాత అడిగిన, మరెందుకు కన్నవ్ అని. 'మీ పెద్దమ్మ చర్చి మొత్తంతోని ప్రార్థన చేయించింది, ఇగ తప్పలే' అన్నది."

"అబద్ధమా?" అంది రోజీ.

నేను కుర్చీలో కూలబడ్డాను. నవ్వో ఏడుపో, రెండూ వచ్చాయి.

"నవ్వుడు గాదు," అంది అశ్రిత. "ఎలీషా తాత తాగుడు, లత ఆంటీ లొల్లి, అందరివీ ఉన్నయ్ ఇందుల. సర్వర్ వాళ్లకు మెయిల్ రాసిపెట్టిన. సైట్ నీది గదా, నువ్వే పంపాలె. మొత్తం సైట్ పోతది మరి."

ఏడేళ్ల రాత. నేను నేర్చుకున్నదంతా అందులోనే ఉంది.

పంపేశాను. రోజీ చేతిలో గ్లాసు లాక్కుని గడగడా తాగేశాను.

"అది నాదక్కా!" అంది.