అడుగు కాయ

మిర్చి యార్డులో కొనేవాడు బస్తా ముఖం చూసి కొనడు. పైన ఎర్రగా నిగనిగలాడే కాయ అందరూ పెడతారు. అతను మూతి కుట్టు విప్పి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు కాయ తీస్తాడు. తెల్లబడిన తాలుకాయ తగిలిందా, ధర అక్కడే పడిపోతుంది.

గుంటూరు యార్డులో ఇరవై ఆరేళ్లుగా బస్తాలు మోస్తున్న మీరావలికి అంత కూడా అక్కర్లేదు. బస్తా వీపు మీద పడగానే లోపల తాలు ఎంతుందో, బరువుకి నీళ్లు ఎంత చల్లారో చెప్పేస్తాడు. రైతులు కూడా అడుగుతారు. "ఏరా మీరావలీ, ఆ సరుకు ఎట్టా ఉందిరా?" అంటారు. వయసులో చిన్నవాళ్లు కూడా ఏరా అనే అంటారు. బస్తా మోసేవాణ్ణి గారు అనే వాడుక ఆ యార్డులో లేదు. ఆయనా కోరలేదు.

భార్య గుల్షన్ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీస్తుంది. కూతురు ఆయేషా డిగ్రీ ఆఖరి ఏడు. రెండు వేసవులు తల్లి పక్కన కూర్చుని తనూ తొడిమలు తీసింది. వేళ్లు మండి, అన్నం కలుపుకోలేక చెంచాతో తిన్న రోజులున్నాయి. ఆ కూలి డబ్బు కంప్యూటరు కోసమని దాచింది.

సరదాకి కాదు. ఒక ఆఫీసులో ఆపరేటరు ఉద్యోగానికి పాతిక రోజుల్లో టైపింగు పరీక్ష ఉంది. కాలేజీ ల్యాబులో మనిషికి అరగంటే దొరుకుతుంది. ఇంట్లో సాధన చేస్తే తప్ప చెయ్యి తిరగదు. చెయ్యి తిరగకపోతే మళ్లీ తొడిమల దగ్గరికే.

ల్యాబు చూసే శివనాగరాజు ఒక కాగితం మీద జాబితా రాసిచ్చాడు.

"కొన్ని పాతవి, కొన్ని కొత్తవి తీసుకుని మనమే బిగించుకుందాం అమ్మా. బోర్డూ ప్రాసెసరూ పాతవైనా పర్లేదు, మంచివైతే ఏళ్లు పనిచేస్తాయి. కరెంటు అందించే పవర్ సప్లై మాత్రం కొత్తది కొను. అది చెడితే మిగతావాటిని కూడా తగలేస్తుంది. ఎక్కడ కొన్నా విప్పించి చూడు."

మీరావలికి అది నచ్చలేదు. "పాత సామాను ఇంటికి తెస్తే నలుగురూ నవ్వరా? ఆడపిల్లవి, బజారంతా తిరిగి ముక్కలు ఏరుకుంటావా? కొత్తది ఒక్కచోటే కొందాం, పద."

కొట్టు పెద్దది. లోపల చల్లగా ఉంది. కొట్టాయన ఎదురొచ్చి పేరడిగాడు.

"మీరావలి గారూ, రండి, కూర్చోండి. పాప చదువుకా? మంచి మాటండీ."

తనే కుర్చీ లాగి వేశాడు. మీరావలి లుంగీకి మిరప దుమ్ము ఉంది. కుర్చీకి అంటుతుందేమోనని అంచున కూర్చున్నాడు. చేతికి కూల్‌డ్రింకు వచ్చింది.

ముందు వైపు అద్దం, దాని వెనక ఎర్రవీ నీలివీ దీపాలు తిరుగుతున్న డబ్బా చూపించాడు కొట్టాయన. అంతా కొత్తదేనన్నాడు.

"అన్నా, ఒకసారి మూత విప్పి చూపిస్తారా?" అంది ఆయేషా.

"సీలు వేశాం పాపా. విప్పితే గ్యారంటీ పోద్ది. సరుకంటే ఏంటో మీరావలి గారికి తెలీదా?"

ఆ పిల్ల తండ్రి చెవి దగ్గర మెల్లగా అంది. "విప్పి చూపించమను నాన్నా."

"నోర్ముయ్. పెద్దమనిషి కుర్చీ వేసి మాట్లాడుతుంటే మధ్యలో నువ్వేంటి?"

ఆ పిల్ల దాచిన డబ్బు తీసి ఇచ్చింది. మీరావలి డబ్బా భుజానికెత్తుకున్నాడు. లోపల ఏదో గలగలమంది. విన్నాడు గాని దించలేదు.

చదివేవారు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. పరాయివాడి బస్తాలో తాలు పట్టే మనిషి, తన కూతురి కష్టం పెట్టి కొన్నదాని మూత తీయించలేదు. కొట్టాయన అబద్ధం ఒక్కటే పనిచేయలేదక్కడ. ఒక కుర్చీ, ఒక గారు కూడా పనిచేశాయి. ఏళ్ల తరబడి మర్యాద దొరకని మనిషికి మర్యాద చూపించి ఏదైనా అమ్మొచ్చు.

తొమ్మిది రోజులు దీపాలు వెలిగాయి. యార్డులో తోటి కూలీ సిలార్ చూడటానికి వచ్చాడు. "ఏరా, ఇంట్లో రికార్డింగ్ డాన్సు పెట్టించావా?" అని నవ్వాడు. పదోరోజు సాయంత్రం ఆయేషా టైపు చేస్తుంటే కాలిన వాసన వచ్చింది. సన్నగా పొగ వచ్చింది. తెర నల్లబడింది.

మీరావలి మళ్లీ కొట్టుకు వెళ్లాడు. కుర్చీ అక్కడే ఉంది. కొట్టాయన కూర్చోమనలేదు.

"కరెంటు ఎక్కువొచ్చి కాలితే నేనేం చేస్తానయ్యా? గ్యారంటీ దానికి కాదు. అడ్డం లే, బేరాలొచ్చాయి."

ఇంటికొచ్చి గోడకానుకుని కూర్చున్నాడు. గుల్షన్ ఊరుకోలేదు.

"ఏమయ్యా, ఊళ్లోవాళ్ల బస్తాలన్నిట్లో తాలు పట్టేస్తావే. ఇందులో చెయ్యి పెట్టడానికి ఏం వచ్చింది నీకు?"

ఆయన లేచి వెళ్లి శివనాగరాజుకి కబురు పెట్టాడు.

ఆదివారం శివనాగరాజు వచ్చాడు. కాయలు ఏరుకునే పట్టా పరిచి, దాని మీద డబ్బా పెట్టి మూత విప్పాడు. లోపల బూడిదరంగు దుమ్ము పేరుకుని ఉంది. ఫ్యాను రెక్కల మధ్య తడి తగిలి రాయిలా గట్టిపడింది.

"మీ ఇంటి దుమ్ము ఇంతలోనే ఇంత పట్టిందా?" అన్నాడు శివనాగరాజు.

మీరావలి వంగి చిటికెడు తీశాడు. బొటనవేలితో నలిపాడు.

"ఇది మన దుమ్ము కాదు సార్. ఇది సిమెంటు. పెళ్లి కాకముందు దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో రెండేళ్లు బస్తాలు మోశాను."

ఎవరో వాడి పారేసిన మిషను. దీపాల డబ్బాలో పెట్టి కొత్తదని అమ్మారు. మూత తీయించి ఉంటే మీరావలి ఈ మాట కొట్లోనే చెప్పేవాడు.

ఆయేషా ఏడవలేదు. పట్టా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒక్కో భాగం తీసి, ల్యాబునుంచి శివనాగరాజు తెచ్చిన మిషనుకి తగిలించి చూసింది. తల్లి కాయలు వేరు చేసినట్టే వేరు చేసింది. ర్యామ్ బాగుంది, కుడివైపు. ఫైళ్లు దాచుకునే డ్రైవు బాగుంది, కుడివైపు. బోర్డు కాలింది, ఎడమవైపు. పవర్ సప్లై మాడిపోయింది.

"ఇది తాలు," అంది.

మర్నాడు మీరావలి పని మానుకుని కూతురితో పాత సామాన్ల కొట్టుకు వెళ్లాడు. గుల్షన్ వారం కూలి ముందే అడిగి తెచ్చి ఇచ్చింది. ఆ కొట్లోనూ స్టూలు వేశారు.

"మీరు చూసుకోండి పెద్దాయనా. పిల్లకేం తెలుసు?"

మీరావలి కూర్చోలేదు. "పిల్లకే తెలుసు. నాకు తెలీదు. అది ఏది విప్పమంటే అది విప్పు."

ఆయేషా పాత బోర్డు విప్పించి, వెలిగించి చూసి తీసుకుంది. పవర్ సప్లై ఇంకో కొట్లో కొత్తది కొంది. శివనాగరాజు పక్కన కూర్చుంటే తనే బిగించింది. దీపాలు తీసేసింది. మీట నొక్కితే ఫ్యాను మెల్లగా తిరిగింది. తెర మీద వెలుగు వచ్చింది. గుల్షన్ కొంగుతో కళ్లు ఒత్తుకుని, మిరప మంట అంది.

అప్పటికి పరీక్ష ఆరు రోజుల్లో ఉంది. ఆయేషా రాసింది. నిమిషానికి నాలుగు మాటలు తక్కువ పడ్డాయి. ఉద్యోగం రాలేదు. పోయిన రోజుల్ని ఎవరూ తెచ్చివ్వలేరు. ఇప్పుడు పగలు తల్లి పక్కన తొడిమలు తీస్తోంది. తెల్లవారుజామున లేచి టైపు చేస్తోంది. మీట మీద వేలు పడినప్పుడల్లా మండుతుంది. ఇంకో పరీక్ష వస్తుందని ఆ పిల్ల ఆశ.

మొన్న యార్డులో సిలార్ అడిగాడు.

"మా నగ్మా కూడా కంప్యూటరు కావాలంటోందిరా. ఏ కొట్లో కొనమంటావు?"

మీరావలి వీపు మీది బస్తా దించాడు. యార్డులో ఎప్పుడూ రెండు ముక్కలకి మించి మాట్లాడనివాడు ఆ రోజు మాట్లాడాడు.

"కొట్టు నేను చెప్పను. నగ్మాని వెంట తీసుకెళ్లు. మన జన్మలో మనకెవడూ కుర్చీ వెయ్యలేదు సిలారూ. ఒకడు వేసి గారు అన్నాడని, నా కూతురి రెండు వేసవులు వాడికిచ్చి వచ్చాను. నగ్మా విప్పి చూపించమందనుకో, దాని నోరు మూయించకు. ఆ డబ్బా మూత తీయించు."