గుట్టదారి పారాణి

పర్శరాములు బెల్లం నీళ్లలో సున్నం పోసి పుల్లతో కలుపుతున్నాడు. రాత్రంతా కురిసిన వాన తెల్లారేసరికి తుంపరగా మారింది. రేకుల గది ముందు, దౌల్తాబాద్ నుంచి తొగుట వైపు పోయే గుట్టదారి నల్లగా మెరుస్తోంది. పర్శరాములు పొట్టి మనిషి. మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, రంగు వెలిసిన నారింజ కోటు, సున్నానికి పగుళ్లు పట్టిన వేళ్లు. బండలు జారే ఈ మలుపును కనిపెట్టుకుని ఉండటమే రోడ్డు కూలీగా ఆయన పని. ఈ సాయంత్రంతో ఆ కొలువు అయిపోతుంది, గది ఖాళీ చేయాలి.

"గుట్టకు పాయసం వండుతున్నవా?" అంది భార్య అనసూర్య, బెల్లం ముక్క నోట్లో వేసుకుంటూ.

ఆయన నవ్వాడు. పెళ్లయిన కొత్తలో అన్న మాట అది. ఇప్పటికీ పాతబడలేదు.

ఎప్పుడో ఒక ఇంజనీరమ్మ నేర్పిన పద్ధతి ఇది. బండ మీది పగులుకు అడ్డంగా సున్నపు గీత గీయాలి; బెల్లం కలిపితే వానకు చెరగదు. గీత తెగితే బండ కదిలినట్టు. గీసిన ప్రతి గీత పక్కనా అనసూర్య కుంకుమ బొట్టు పెడుతుంది. అది మాత్రం ఎవరూ నేర్పలేదు.

ఇద్దరూ మలుపు దగ్గరికి వెళ్లి చూశారు. పెద్దబండ మీది గీత తెగి ఉంది, వెంట్రుక పట్టేంత సందు.

ఆఫీసుకు ఫోన్ చేసి, మలుపుకు ఇటూ అటూ రోడ్డుకు అడ్డంగా తుమ్మకంప వేసి, ఎర్రజెండా గుచ్చేసరికి పెండ్లి వ్యాను వచ్చి ఆగింది. పెండ్లికూతురి మేనమామ గజేందర్ దిగాడు.

"ఏంది తాత, లగ్గం మీదున్నం. కంప తియ్యి."

"బండ కదిలింది బిడ్డా. బండి పోదు. బండకు దూరంగ, కింద వాగు గట్టున నడిచి అవతలికి పోన్రి. గాడికి బండి పంపమని పిల్లగానోళ్లకు ఫోన్ చెయ్యి."

"గీత తెగిందని లగ్గం ఆపుతవా? పారాణి పెట్టిన కాళ్లు బురదల పెట్టిస్తవా? బండ పడకపోతే సూడు నీ సంగతి!"

పర్శరాములు తలెత్తి పెద్దబండ వైపు చూశాడు. బండ పడకపోతే రేపటి నుంచి అందరూ ఇదే చెప్పుకుంటారు, పోయే రోజు ఒక పెండ్లి చెడగొట్టిండని. అయినా కంప ముందు నుంచి కదల్లేదు.

అనసూర్య వ్యాను కిటికీ దగ్గరికి వెళ్లింది. "పారాణికేం బిడ్డా, నా దగ్గర పసుపున్నది, మా ఆయన దగ్గర సున్నమున్నది. అవతలికి పోయినంక మళ్ల పెడత."

పెండ్లికూతురు సాయిప్రియ పకపకా నవ్వింది. పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి దిగింది. "మామా, లొల్లి ఆపి గొడుగు పట్టు!"

గజేందర్‌కూ నవ్వాగలేదు.

గట్టు దాటాక అనసూర్య ఆ పిల్ల కాళ్లు కడిగింది. సున్నం డబ్బా అంచు మీదే చిటికెడు పసుపు కలిపింది. సున్నం తగిలి పసుపు ఎర్రబడింది. వేలితో తీసి పాదాల చుట్టూ దిద్దింది. కొంగున కట్టుకున్న కుంకుమతో నుదుట బొట్టు పెట్టింది. తెల్లవారితే గుట్టకు పెట్టే కుంకుమే అది.

మధ్యాహ్నం పెద్దబండ పడింది. ఖాళీ రోడ్డు నడుమ రెండు ముక్కలై ఆగింది. ఇవతలే ఉండిపోయిన వ్యాను డ్రైవరు బండిని ఇంకో పది గజాలు వెనక్కి తీసుకున్నాడు.

పర్శరాములు వెళ్లి ఒక ముక్క మీద అరచేయి ఆనించాడు. "పిల్ల దాటేదాక ఆగినవ్. సల్లగుండు."

సాయంత్రానికి జేసీబీ దారి తెరిచింది. ఆయన పక్క బండ మీద కొత్త గీత గీశాడు, అనసూర్య బొట్టు పెట్టింది. అంతలో డ్రైవరు ఫోన్ తెచ్చి ఇచ్చాడు. గజేందర్ గొంతు తగ్గి వినిపించింది.

"తాతా, అవ్వను తోలుకొని గదే బండిల రా. మీరు రాంది బువ్వ ముట్టనని కూసుంది మా పిల్ల."

ఒక ట్రంకు పెట్టె, ఒక స్టవ్వు. వాళ్ల సామానంతా వ్యాను వెనకసీటులో పట్టింది. వ్యాను మలుపు తిరిగేదాకా ఇద్దరూ వెనక్కే చూశారు.

రేపు ఈ కొలువుకు రాబోయే మనిషి కోసం రేకుల గది గడప మీద సున్నం డబ్బా ఉంది. లోపలంతా తెలుపు. అంచు మీద, అనసూర్య వేలు ఆనిన చోట, పారాణి ఇంకా ఎర్రగా ఉంది.