గోడమ్మ కావలి

మా ఓనరమ్మ గోడల ఉంటది. నవ్వకుండ్రి, నిజమే చెప్తున్న. మనిషేమో మస్కట్ల నర్సు. గొంతు మాత్రం కోదాడల, మా గేటు పక్క గోడకు, పిడికెడంత తెల్ల కెమెరాల. పేరు నవనీత. ఆరేండ్లు గాడ కష్టపడి గీడ ఇల్లు కట్టింది. కట్టినంక ఒక్క దినం గూడ ఉండకుండ కిరాయికిచ్చి మళ్ల విమానమెక్కింది. ఆమె ఆడ ఫోన్ల మమ్మల్ని సూసుకుంట మాట్లాడితే గీడ ఆ కెమెరా మాట్లాడతదని ఇల్లు సూపించిననాడు ఎవ్వరూ మాకు చెప్పలే.

సూపించినాయన ఆమె మేనమామ పెంటయ్య. అప్పటికే మేము కోదాడల పన్నెండు ఇండ్లు తిరిగి ఉన్నం. మా ఆయన మైసయ్య మేళ్లచెరువు దిక్కు సిమెంటు లారీ నడుపుతడు. లారీ డ్రైవర్ అనంగనే ఒకలు దుమ్ము తెస్తరన్నరు, ఒకలు ఏ యాళకో వచ్చి గేటు కొడ్తరన్నరు, ఒకామె అయితే నా మొకం మీదనే తలుపేసింది. పెంటయ్య ఒక్కడే ఏం అనలే. మా బిడ్డ రూప ఇంటర్ కాలేజీ ఆ ఇంటికాడికెళ్లి నడిచిపోయేంత దూరం. రెండేండ్లు ఆ పిల్ల నిమ్మలంగ చదువుకోవాలె, అంతే నాకు కావాల్సింది. ఇది పోతే మళ్ల పద్నాలుగో ఇంటి ముందట నిలబడే ఓపిక నాకు లేదు.

మంచిరోజు చూసి సామాను దించినం. పాలు పొంగిచ్చే ముందు గడప కాడ కొబ్బరికాయ కొడదామని చెయ్యి లేపిన. "అక్కా, గచ్చు మీద కొట్టకండి, బండ పగుల్తది" అని గోడ మాట్లాడింది. నా చెయ్యి గాల్లనే ఆగిపోయింది. మైసయ్య అయితే చెప్పులిడిసి రెండు లెంపలేసుకున్నడు. సిగ్గులేని మనిషి, ఇప్పటికీ అడిగితే దోమ వాలిందంటడు.

ఇగ ఆనాటి సంది మొదలు. చెప్పులు మెట్ల మీద ఇడిస్తే గోడ మాట్లాడతది. గేటు మూయకపోతే మాట్లాడతది. మైసయ్య లారీ దిగి వచ్చి వాకిట్ల బట్టలు దులిపితే, బయట దులుపుకొని రమ్మని చెప్తది. అన్నీ మీరు, అండి అనుకుంట, అక్కా అక్కా అనుకుంట, పేషెంటుకు సూదేసే ముందు మాట్లాడినట్టు మెత్తగ. అదే నాకు ఒళ్లుమంట. జర గట్టిగ మాట్లాడితే నేనూ నాలుగు అంటుంటి. అక్కా అన్న మనిషితోని ఏం కొట్లాడతం? ఒకనాడు యాష్టకొచ్చి నా తడి చీర తెచ్చి ఆ కెమెరా మీదనే ఆరేసిన. చీర ఎనక నుంచే గోడ "అక్కా, చీర అడ్డమొచ్చింది, జర పక్కకు జరుపుతరా" అన్నది. జరిపిన. జరపక ఏం చేస్త, ఇల్లు ఆమెది.

ఫిబ్రవరి నెలల సగ్గుబియ్యం వడియాలు పెట్టిన. పక్కింటి సుగుణమ్మది జగ్గయ్యపేట, ఆమె ముందే చెప్పింది, "ఇక్కడ వడియాలు పెట్టుకునే రోజులు పోయాయి గోపమ్మా, కోతులు చాప కూడా మిగల్చవు" అని. నేను ఇనలే. పదకొండింటికి పది పన్నెండు కోతులు పిట్టగోడ మీదికెళ్లి దిగినయి. సుగుణమ్మ కట్టె పట్టుకొని ఉరికొస్తే, ఓ పెద్ద మగకోతి ఆ కట్టె గుంజుకొని పక్కకు పారేసింది. నేను అరిసిన, బకెట్ కొట్టిన. అది నన్నొకసారి సూసి తన పని తాను చేసుకుంటున్నది.

అప్పుడు గోడ అరిసింది. "ఏయ్! ఎవరది? పోండి!"

కోతులు ఆగినయి. అటు సూసినయి, ఇటు సూసినయి. గొంతున్నది, మనిషి లేదు. మగకోతి చేతుల వడియం చేతులనే ఉంచుకొని గోడ దిక్కు గుడ్లప్పగించింది. ఇంకోసారి "పోండి!" అనంగనే ఒక్కటి మిగలకుండ ఉరికినయి. కోతికి మనిషంటే లెక్క లేదు, కట్టెలు, రాళ్లు అన్నీ సూసింది. ఎవరూ లేనికాడి నుంచి గొంతొస్తేనే దాని పాణం పోతది. మా ఆయన తీరే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే, అంత మంచి ఆలోచన వచ్చింది. తెల్లారి మంచం తెచ్చి సరిగ్గ కెమెరా కంటి ముందట ఏసి, దాని మీద వడియాలు పెట్టి, నేను లోపలికి పోయి టీవీ పెట్టుకున్న. నవనీతకు తన గచ్చు మీద కోతులు తిరిగితే ఓర్వదు. నైట్ డ్యూటీ దిగి, పండుకునే ముందు ఫోన్ పట్టుకొని కూసునేది. కోతి రాంగనే మస్కట్ల అరిసేది, కోదాడల కోతి ఉరికేది. నేను లోపల పల్లీలు నములుకుంట ఇనేదాన్ని. నా చేతికి మట్టంటకుండ వడియాలు గలగల ఎండినయి.

ఈ సంగతి సుగుణమ్మకు చెప్పకుండ ఉంటే అయిపోయేది. నా నోరు ఊకుంటదా? మూడోనాడు ఆమె మినపవడియాలు వచ్చినయి. వారం తిరిగేసరికి గల్లీ మొత్తం మా వాకిట్లనే. ఒకరివి సల్ల మిరపకాయలు, ఒకరివి మామిడి వరుగులు, ఒకరివి గుమ్మడి వడియాలు. అందరూ ఆమెకు గోడమ్మ అని పేరు పెట్టిన్రు. పెట్టిపోయేటప్పుడు కెమెరా దిక్కు సూసి "గోడమ్మా, జర సూడు తల్లీ" అని చెప్పి పోతున్నరు. మొదట్ల ఆమె ఏం అనలే. తర్వాత ఒకనాడు, పిండి పల్చగైంది, రేపు ఇంకొంచెం ఉడికియ్యమని నాకు చెప్పింది. ఇంకోనాడు సుగుణమ్మ కోడలికి ఎన్నో నెల అని అడిగి, ఏం మందులు ఏసుకోవాల్నో, ఏవి ఏసుకోవద్దో చెప్పింది. నాతోని మీరు పోయి నువ్వు అయింది. నాకూ లోపల కొంచెం ముద్దొచ్చింది గని పైకి సూపియ్యలే.

అట్ల మంచిగ నడుస్తుంటే ఏప్రిల్ల పెంటయ్య వచ్చిండు. కుర్సీల కూసోలే, గేటు కాడనే నిలబడ్డడు. నవనీత లీవు మీద హుజూర్‌నగర్ల తల్లి ఇంటికి వస్తున్నదంట. మన పదకొండు నెలల అగ్రిమెంటు అయిపోతున్నది గదా, ఈసారి బ్యాంకుల పనిచేసే ఒకాయనకు ఇద్దామని ఉన్నదంట. ఎందుకంటే, ఆమె భర్త సంపత్ ఒకనాడు ఆమె ఫోన్ల మా వాకిలి సూసి, ఇది ఇల్లా మార్కెట్ యార్డా అని అడిగిండంట. పెంటయ్య పోయినంక నేను మెట్ల మీద కూలబడ్డ. నా తెలివితోని నేనే నా ఇల్లు ఊడగొట్టుకున్న. రూపకు చెప్పలే, ఆ పిల్లకు ఇంకో ఏడాది చదువున్నది. మైసయ్యకు చెప్తే, నీ నోటికి తాళమెయ్యరాదా అన్నడు. తప్పు నాదే గాబట్టి ఆ ఒక్కనాడు ఊకున్న.

ఆమె వచ్చే రోజు వాకిలంత కడిగిన. మంచం దాసిన, గల్లీల అందరికీ ఆ పొద్దు ఎవ్వరూ ఏం తేవద్దని చెప్పిన. గోడకు నేను కొట్టిన మేకు కనవడకుండ క్యాలెండర్ తగిలిచ్చిన. అంతా అయినంక ఇంకో పని గూడ చేసిన, అది మంచి పని కాదు. పిట్టగోడ మీద ఆ చివరికి, కెమెరా కన్ను పడని కాడ, నాలుగు పిడికెళ్ల పల్లికాయ పోసిన. కోతులు రావాలె, ఆమె కండ్లతోని సూడాలె, బ్యాంకాయన ఈ కోతులతోని వారం గూడ ఏగలేడని ఆమెకు తెల్వాలె. అంతే నా లెక్క.

ఆటో దిగింది నవనీత. గొంతు విని ఎత్తు మనిషనుకున్న, నా భుజం దాక గూడ లేదు. చేతుల ఖర్జూర డబ్బా, భుజానికి సంచి. నమస్తే అక్కా అని చెప్పి ఇల్లంత తిరిగింది. ప్రతి గోడను చేత్తోని తడిమి సూసింది. వంటింట్ల నిలబడి ఈ గట్టు ఇంత చిన్నగుందా అనుకున్నది తనలో తానే. సంచి, డబ్బా బయట అరుగు మీద పెట్టి, ఫోన్ తీసి వాకిలిని ఫోటో తీసుకుంటున్నది.

వచ్చినయి కోతులు. పల్లికాయ తిని నేరుగ అరుగు మీదికి దిగినయి. నవనీత ఎదురుగ పోయి, అదే మాట, అదే గొంతు, "ఏయ్! ఎవరది? పోండి!" అన్నది. మగకోతి ఆమెను కిందికెళ్లి మీది దాక సూసింది. సూసి డబ్బా మూత తీసింది. ఆమె మళ్ల అరిసింది, చేతులూపింది. అది పండ్లు బయటపెట్టి ఒక్క అడుగు ముందుకేస్తే ఆమె నాలుగడుగులు ఎనక్కొచ్చింది. ఇంతల ఇంకో కోతి సంచి భుజానికి తగిలిచ్చుకున్నట్టే పట్టుకొని పిట్టగోడ ఎక్కింది.

"అక్కా, పాస్‌పోర్టు" అన్నది నవనీత. మొకం తెల్లగైపోయింది. మస్కట్ల ఉండనిచ్చే కార్డు గూడ అండ్లనే ఉన్నదంట, తిరుగు టికెట్ శనివారానికంట. అది చించితే నౌకరే పోతది. నేను కోతులను పిలిచింది ఖర్జూరాలకు గాదు, ఒకరి బతుకు మీదికి తేనీకి అసలే గాదు.

ఆమె రెక్క పట్టి వంటింట్లకు గుంజుకపోయి తలుపేసిన. "బయట నీ మాట నడవది చెల్లె. ఫోన్ల మాట్లాడు" అన్న.

ఆమెకు అర్థమైతానికి ఒక గడియ పట్టింది. పొయ్యి పక్కన కింద కూసొని, తన ఇంట్లనే దాక్కొని, మూతి ఫోన్ల పెట్టి అరిసింది. బయట గోడ అరిసింది. కిటికీల నుంచి సూస్తున్న నేను. సంచి పట్టిన కోతి ఉలిక్కిపడి అన్నీ ఇడిసిపెట్టింది. సంచి వచ్చి నేను కడిగిన గచ్చు మీద పడ్డది. ఒక్క కోతి లేదు.

పాస్‌పోర్టు మంచిగనే ఉన్నది, అట్ట మీద ఒక పంటి గాటు తప్ప. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకొని వంటింట్ల కింద అట్లనే కూసున్నది. ముందు నవ్వింది. నేనూ నవ్విన. తర్వాత సూస్తే ఆమె కండ్ల నీళ్లు.

"ఆరేండ్లు కష్టపడి కట్టిన ఇల్లు అక్కా ఇది" అన్నది. "నేనొచ్చి నిలబడితే ఒక్క కోతి గూడ లేవలే. నేను గాడ ఉంటేనే గీడ నా మాట నడుస్తది."

ఇన్ని నెలలు ఆ గొంతుతోని నా వడియాలకు కావలి పెట్టుకున్న గని, ఆ గొంతు ఎనక ఇంటి మీద ఇంత ఆశ పెట్టుకున్న పిల్ల ఉన్నదని ఒక్కనాడు అనుకోలే. చాయ పెట్టిచ్చిన. తన ఇంట్ల తాను తాగిన మొదటి చాయ అదేనంట.

తెల్లారి పెంటయ్య ఇంటికాడ అగ్రిమెంటు మీద సంతకం పెట్టింది. మళ్ల పదకొండు నెలలు, మా పేరు మీదనే. బ్యాంకాయన సంగతి ఏమైందని నేను అడగలే, ఆమె చెప్పలే. రూప ఆ పొద్దు ఏం తెల్వకుండనే కాలేజీల ఎండకాలం క్లాసులకు పోయొచ్చింది.

సోమవారం గల్లీ మొత్తం మళ్ల చాపలు, మంచాలు తెచ్చిన్రు. కోతులు వచ్చే యాళకు గోడ ఖంగున మోగింది, కోతులు పోయినయి, ఆడోళ్లు గూడ ఎవరిండ్లకు వాళ్లు పోయిన్రు. నేనొక్కదాన్నే వడియాలు తిప్పేసుకుంట కూసున్న.

"గోపక్కా" అన్నది గోడ, మెత్తగ. "ఈ కెమెరా వారం దినాల బొమ్మ దాసుకుంటది. దీని కన్ను నువ్వనుకున్న దానికంటే జర ఎక్కువ దూరం పోతది, పిట్టగోడ చివరి దాక."

నా చేతుల వడియం ముక్కలైంది.

"నేను వచ్చి పోయిన పొద్దే, హుజూర్‌నగర్ల అమ్మ పక్కన కూసొని సూసిన, నువ్వు పల్లికాయ పోసింది. సంతకం తెల్లారి పెట్టిన."

లేచి నిలబడ్డ, చీర కొంగు సదురుకున్న, ఎదురుగ మనిషి ఉన్నట్టే.

"ఎడమ దిక్కు చాప ఇటు జర జరుపు అక్కా, నాకు సరిగ కనవడ్తలేదు" అన్నది.

జరిపిన.